పన్నెండు గంటల చీర

శ్రోతలకు నమస్కారం.

ఫ్యాషన్ వీక్ అనగానే ర్యాంపు మీద నడిచే మోడళ్లు కళ్ల ముందు మెదులుతారు. ఈ ప్రసంగం వారి గురించి కాదు. ర్యాంపుకు ఇటుపక్క, వీపు ఆనించుకునే వీలులేని బల్లల మీద కూర్చుని రోజుకు నాలుగైదు షోలు చూసి, మధ్యలో నేతగాళ్లతోనూ కొనుగోలుదారులతోనూ గంటల తరబడి నిలబడి మాట్లాడి, రాత్రి పదింటికి బసకు చేరుకునే మనుషుల దుస్తుల గురించి. చేనేత బట్టల మీద పత్రికలకు రాసే పనిలో భాగంగా నేను కూడా కొన్నేళ్లుగా ఆ బల్లల మీద కూర్చుంటున్నాను.

అసలు ఈ ప్రదర్శనల వారం పుట్టిందే పని కోసం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా పత్రికలవారు పారిస్ వెళ్లి కొత్త దుస్తులు చూసే వీలు లేకపోవడంతో, ఎలియనార్ లాంబర్ట్ అనే ప్రచార నిపుణురాలు 1943లో న్యూయార్కులో వారి కోసం ‘ప్రెస్ వీక్’ ఏర్పాటు చేశారు. మన దేశంలో లాక్మే పేరుతో 2000లో ఢిల్లీలో మొదలైన ఫ్యాషన్ వీక్, 2025 మార్చిలో ముంబైలో పాతికేళ్ల పండుగ చేసుకుంది. చూడటానికి పండుగే అయినా, అక్కడికి వచ్చేవారిలో చాలామందికి అది కొలువు. పెళ్లికి ముస్తాబైనట్టు ముస్తాబై కొలువుకు వెళితే ఏమవుతుందో నాకు మొదటి ఏడాదే తెలిసివచ్చింది.

ఆ రోజు నేను కట్టుకున్నది జరీ బరువున్న పట్టుచీర, దాని మీదికి సింథటిక్ లైనింగు వేయించిన జాకెట్టు. కాళ్లకు అంతకుముందు రోజే కొన్న ఎత్తు మడమల చెప్పులు. మార్చి నెల ముంబైలో పగటి వేడి 33 డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది గానీ, దానికి సముద్రపు తేమ తోడవుతుంది. షోలు జరిగే బాంద్రా కుర్లా కాంప్లెక్సులో కారు దిగి తనిఖీ వరుస దాటేలోపే జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. హాలులోకి అడుగుపెట్టగానే ఏసీ గాలికి ఆ చెమట తడి వీపు మీదే చల్లబడి వణుకు పుట్టించింది. మూడో షో పూర్తయ్యేసరికి చెప్పు కరిచిన చోట బొబ్బ చితికింది. ఇక నడవలేక, తెర వెనుక గదులకు వెళ్లే మెట్ల మీద కూలబడి, ఇంటికి ఫోను చేసి గోడు వెళ్లబోసుకున్నాను.

నా తెలుగు విని, మోడళ్ల దుస్తులకు చివరి కుట్లు వేసే దర్జీ ఒకాయన ఆగారు. మిల్లుల కాలంలో తెలంగాణ నుంచి ముంబైకి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబం వారిదట. తన పెట్టెలోంచి ప్లాస్టరు తీసి ఇస్తూ, “కొత్త చెప్పులు ఇంట్ల తొడిగి మెత్తగ చేసుకోవాలె చెల్లె, ఈడికి తెచ్చి కాదు” అన్నారు. తర్వాత నా జాకెట్టు వైపు పరిశీలనగా చూసి, “చెయ్యి లేపు” అన్నారు. లేపితే చేతితో పాటు జాకెట్టు మొత్తం పైకి లేచింది. “చంక కింద ముక్క వెయ్యలే. అద్దం ముందల నిలబడి కొలతిచ్చినవు. కూసోని చూసుకోలే.” ఆ తర్వాత నేను కుట్టించుకున్న ప్రతి జాకెట్టునూ కుర్చీలో కూర్చుని, చేయి లేపి, వంగి చూసుకుని, అప్పుడే దర్జీకి డబ్బులిస్తున్నాను.

వీపుకు అంటుకున్న ఆ జాకెట్టు వెనుక ఉన్న లెక్క బట్టల పని చేసేవారందరికీ తెలిసినదే. సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను ఇముడ్చుకుంటుంది, పట్టు 11 శాతం దాకా ఇముడ్చుకుంటుంది, నా లైనింగు లాంటి వాటికి వాడే పాలిస్టర్ అర శాతమైనా పట్టుకోదు. అంటే నా చీర తప్పేమీ చేయలేదు, కంటికి కనిపించని ఆ లైనింగే నన్ను ముంచింది. పైకి ఎంత ఖరీదైన బట్ట వేసుకున్నా, ఒంటికి తగిలే పొర, లోపలి పావడాతో సహా, నూలుదై ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇలాంటి రోజులకు గద్వాల చీరను మించినది నాకు కనిపించలేదు. చీర మధ్య భాగమంతా నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుకు పోగు ముడివేసి కలుపుతారు. చెమట పట్టేచోట నూలు తన పని తాను చేసుకుంటుంది, ఫొటోలో కనబడేచోట పట్టు, జరీ మెరుస్తాయి. ఆ చీరను మొదట నేసినవారు ఫ్యాషన్ వీకును ఊహించి ఉండరు గానీ, దానికి ఇంతకంటే తగిన ఏర్పాటు ఈ రోజుల్లోనూ ఎవరూ చేయలేదని నా అభిప్రాయం. దాన్ని కూడా గంజి పెట్టి కట్టుకోకూడదు. ముంబై తేమకు గంజి గంటలో జావగారిపోతుంది, ఇరుకు బల్ల మీద కూర్చున్నాక పడ్డ ముడతలు మాత్రం రాత్రి దాకా అలాగే ఉంటాయి.

హాలులోని చలికి మా పుట్టపాక తేలియా రుమాలును భుజాన వేసుకుంటాను. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నానబెట్టి రంగు అద్దుతారు కాబట్టి కొత్త రుమాలుకు నూనె వాసన ఉంటుంది. ఒక్కసారైనా ఉతకకుండా వేసుకుంటే పక్క సీటువారు ముఖం తిప్పుకుంటారు. ఆ ఎరుపు, నలుపు, తెలుపుల గళ్లు ఏ రంగు దుస్తుల మీదికైనా నప్పుతాయి. హైదరాబాదు డిజైనర్ గౌరంగ్ షా, మగ్గం మీదే చేత్తో పువ్వులూ బొమ్మలూ నేసే జాందానీ నేతను ర్యాంపు మీదికి తెచ్చిన తర్వాత, ముందు వరుసలో కూడా మన మగ్గాల చీరలు కనిపించడం ఎవరికీ వింత కావడం లేదు.

మగవారి సంగతి సులువు. వదులైన నూలు కుర్తా, దాని మీద చేతుల్లేని కోటు, అరిగిన బూట్లు చాలు.

పాదాల దగ్గర మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. సాయంత్రానికి పాదాలు కొంత ఉబ్బుతాయి కనుక చెప్పులు సాయంత్రం పూటే కొనాలి. మడమ ఎత్తు పెరిగినకొద్దీ ఒంటి బరువంతా పాదం ముందు భాగం మీద పడుతుంది కనుక, ఎత్తు కావాలనుకుంటే సన్న మడమ కాకుండా వెడల్పు మడమ ఎంచుకోవాలి. 2025 జూన్‌లో మిలాన్‌లో జరిగిన ఇటలీ ఫ్యాషన్ సంస్థ ప్రాడా ప్రదర్శనలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ తోలు చెప్పులను, అంటే కొల్హాపురిని, పోలిన చెప్పులు కనిపించి, కొల్హాపూర్ పేరే ఎత్తలేదని మన దేశంలో పెద్ద దుమారం రేగింది. అప్పటికి నా సంచిలో రెండేళ్లుగా కొల్హాపురి జత ఒకటి ఉంటోంది. షోల మధ్య నడకకు అవి, కూర్చోవడానికి మడమ చెప్పులు. ఆ సంచి పట్టీ కూడా కుడి భుజానికే వేసుకుంటాను. ఎడమ భుజాన వేసుకుంటే కొంగు జరీ పోగులు ఒరుసుకుని లేచిపోతాయి.

ఈ మధ్య మరో జత కొన్నాను. తోలు ఇంకా గట్టిగా ఉంది, పట్టీ కరుస్తోంది. వారం రోజులుగా రాత్రిపూట దానికి కొబ్బరినూనె రాసి, పొద్దున్నే అవే తొడుక్కుని వంటింట్లో కూరలు తరుగుతున్నాను.