సూపర్‌ఛార్జర్ కారు కొనాలా, వద్దా?

శ్రోతలకు నమస్కారం.

స్పోర్ట్స్ కారు కొనాలా వద్దా అన్నది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి రేడియోలో చెప్పుకునేంత విషయమా అని మీకు అనిపించొచ్చు. కొన్నేళ్ల కిందట అయితే నాకూ అలాగే అనిపించేది. ఇప్పుడు జీడిపప్పు, రొయ్యలు, కాంట్రాక్టులు, విదేశీ ఉద్యోగాలు కలిసొచ్చిన ఇళ్లలో కుర్రాళ్లు ఈ ప్రశ్న నిజంగానే అడుగుతున్నారు. మా మేనల్లుడు కాశీబుగ్గ నుంచి ఫోన్ చేసి, "మావయ్యా, హైదరాబాదులో ఒక జాగ్వార్ ఎఫ్-టైప్ ఉంది. సెకండ్ హ్యాండు, సూపర్‌ఛార్జర్ బండి. కొనీమంటావా?" అన్నాడు. పాలిటెక్నిక్‌లో చాలా కాలం ఆటోమొబైల్ పాఠాలు చెప్పినవాణ్ణి కదా, ఔననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేస్తానని వాడి నమ్మకం. "ఎందుకురా?" అన్నాను. "స్పీడు మావయ్యా. పైగా ముందుముందు రేటు పెరుగుద్దంట" అన్నాడు. ఈ రెండు కారణాలూ నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెబుతాను.

ముందు ఈ సూపర్‌ఛార్జర్ సంగతి తెలియాలి. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. ఇంజన్‌లోకి పెట్రోలు ఎక్కువ పంపడం పెద్ద పని కాదు, దానికి తగినంత గాలి పట్టించడమే కష్టం. మామూలు ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి బయటి గాలి దానంతటది వస్తుంది. సూపర్‌ఛార్జర్ ఉంటే, కమ్మరి తిత్తి కొలిమిలోకి గాలి ఊదినట్టు, సిలిండర్లలోకి గాలిని ఒత్తిడితో తోస్తుంది. నిజానికి దీని పుట్టుక కూడా కొలిమి దగ్గరే. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్న గాలి యంత్రం ఇనుము కరిగించే పెద్ద కొలుములకు గాలి కొట్టడానికి పనికొచ్చింది. అది కార్లలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1921లో బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ వాళ్లు సూపర్‌ఛార్జర్ ఉన్న కార్లను అమ్మకానికి చూపించారు.

మరి టర్బో ఏమిటి అంటారా? సాలూరులో లారీ డ్రైవర్ని ఎవరిని అడిగినా చెబుతాడు. టర్బో కూడా ఇంజన్‌లోకి గాలి తోసేదే. కాకపోతే దాన్ని తిప్పేది సైలెన్సర్ వైపు పోయే పొగ. ఎలాగూ వృథాగా పోయే పొగతో పని చేయించుకోవడం లాభమే కానీ, ఆ పొగ జోరందుకునే దాకా కాస్త ఆగాలి. కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కే పాత లారీ ముందు నీరసంగా మూలిగి, తర్వాత ఒక్కసారిగా ఊపందుకోవడం మీరు చూసే ఉంటారు. సూపర్‌ఛార్జర్‌కి ఆ ఎదురుచూపు లేదు. ఇంజన్ షాఫ్టు నుంచే బెల్టు వేసి తిప్పుతారు. కాలు నొక్కిన క్షణానే జవాబు వస్తుంది. ఆ జవాబు ఊరికే రాదు. దాన్ని తిప్పడానికి ఇంజన్ తన శక్తిలోనే కొంత ఖర్చు పెట్టుకోవాలి, అంటే పెట్రోలు తాగాలి. పొగ నిబంధనలు, మైలేజీ లెక్కలు బిగుసుకున్న కొద్దీ చాలా కంపెనీలు దీన్ని వదిలేసి టర్బోకి మారింది అందుకే. బెంజ్ సి-క్లాస్ వెనక 'కొంప్రెసర్' అని రాసి ఉన్న పాత కార్లు మీలో కొందరు చూసి ఉంటారు. అవి ఈ జాతివే.

ఇక స్పీడు. మా వాడు చూసిన కారులో 3 లీటర్ల వి6 ఇంజన్, అంటే ఇంగ్లీషు V అక్షరంలా రెండు వరసల్లో ఆరు సిలిండర్లు, 340 హార్స్‌పవర్. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి ఐదు సెకన్ల పైచిలుకులో చేరుతుంది. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద కారుకి గరిష్ఠ వేగం గంటకి 100. ఎక్స్‌ప్రెస్‌వే అయితే 120. అంటే మడపాం టోల్ గేటు దాటి కాలు నొక్కితే, ఐదారు సెకన్లలో చట్టం ఇచ్చిన వేగమంతా అయిపోయింది. మిగతా దారి పొడవునా ఆ 340 గుర్రాలూ పక్కన ఆల్టోలో పోయే పెద్దమనిషితో సమానంగా నడవాలి. (గుర్రాలంటే గుర్తొచ్చింది. వీరఘట్టం కోడి రామ్మూర్తినాయుడు గారు రెండు భుజాలకీ గొలుసులు కట్టించుకుని రెండు కార్లను కదలనివ్వలేదని మన పెద్దవాళ్లు చెప్పుకుంటారు. ఆనాటి కార్లు వేరు. ఈ బండిని ఆయనకి కట్టి ఉంటే ఏమయ్యేదో చూడాలని నాకు చిన్న కోరిక.)

పోనీ చట్టం సంగతి పక్కన పెడదాం అనుకునేవాళ్లకి మన రోడ్డే సమాధానం చెబుతుంది. కోతల రోజుల్లో రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం, డివైడర్ సందులోంచి చూసుకోకుండా అడ్డం తిరిగే ట్రాక్టరు, రాంగ్ సైడులో ఎదురొచ్చే ఆటో, చీకటి పడ్డాక రోడ్డు మధ్యలో పడుకున్న ఆవులు. జాతీయ రహదారి దిగి ఊళ్లోకి మళ్లితే స్పీడ్ బ్రేకర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంత వెడల్పున్న దిబ్బని మన పల్లెల్లో ఎక్కడైనా చూశారా? ఇక్కడ సిమెంటు గట్టు పోసేస్తారు. మారుతి స్విఫ్ట్ కింద 163 మిల్లీమీటర్ల జాగా ఉంటుంది. స్పోర్ట్స్ కార్లకి చాలావాటికి 12 సెంటీమీటర్లు, అటూ ఇటూగా. పైగా ముందు బంపరు పొడవుగా నేలకి వంగి ఉంటుంది. మా అక్కగారింటి సందు చివర గట్టుని ఆ కారు దాటాలంటే ఇద్దరు దిగి రెండు పక్కలా వంగి చూడాలి. స్పీడే కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. ఇక్కడి నుంచి సుమారు 900 కిలోమీటర్లు.

రేటు పెరుగుతుందన్న మాట వాడికి ఎవరు చెప్పారో నాకు తెలియదు, కానీ అందులో కొంత తర్కం లేకపోలేదు. ఎఫ్-టైప్ తయారీ 2024లో ఆగిపోయింది. ఇలాంటి ఇంజన్లు తగ్గిపోతున్నాయి. అయితే ముందుముందు విలువ పెరిగే పాత కార్లు ఎక్కువగా తక్కువ తిరిగినవి, సర్వీసు కాగితాలన్నీ ఉన్నవి, పొడి గాలిలో కప్పు కింద ఉన్నవి. మనది సముద్రపు గాలి. ఉద్దానంలో ఇనుప గేటుకి రంగు వేసి ఎన్నాళ్లు నిలుస్తుందో అందరికీ తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస పక్కనే తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లు, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో మర్చిపోలేం. అలాంటి చోట వాకిట్లో పెట్టిన కారుని పెట్టుబడి అనుకుంటే ఎలా? పైగా విదేశంలో పూర్తిగా తయారై ఓడలో దిగే కారు ధర సుంకం దెబ్బకి రెట్టింపు దాటుతుంది. మొదటి యజమాని ఆ సుంకం కట్టి, నాలుగైదేళ్లలో చాలా భాగం పోగొట్టుకున్నాడు కాబట్టే మా వాడికి ఈ బేరం కనిపించింది.

ఆ బేరాన్ని అప్పు చేసి కొంటే ఇంకా తమాషా. 40 లక్షలు 10 శాతం వడ్డీకి ఐదేళ్లకి తీసుకుంటే నెలకి దాదాపు 85 వేలు వాయిదా, మొత్తం మీద 11 లక్షల దాకా వడ్డీ. పాత కార్లకి బ్యాంకులు అడిగే వడ్డీ సాధారణంగా కొత్త వాటికంటే ఎక్కువ. స్పోర్ట్స్ కారుని వాయిదాల మీద కొనేవాళ్లని చూస్తే నాకు కోపం రాదు గానీ, వాళ్ల నాన్నల మీద జాలి వేస్తుంది.

అసలు టెన్షన్ డబ్బు కట్టాక మొదలవుతుంది. గాలిని ఒత్తిడికి గురిచేస్తే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినవాళ్లందరికీ ఆ వేడి చేతికి తెలుసు. వేడి గాలిలో పెట్రోలు స్పార్కు మంట తనదాకా రాకముందే దానంతటది అంటుకుంటే ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు టకటకమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. ఎక్కువైతే పిస్టన్లు పాడవుతాయి. అందుకని ఆ గాలిని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్, దానికి నీళ్లు తిప్పడానికి విడిగా ఒక పంపు పెడతారు. మే నెల మధ్యాహ్నం నాతవలస టోల్ దగ్గర ఏసీ వేసుకుని క్యూలో నిలబడితే ఈ సరంజామా అంతా ఎంత కష్టపడుతుందో ఊహించండి. నాకింగ్ మొదలవగానే సెన్సార్లు పసిగట్టి ఇంజన్ తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. అంటే మీరు కొన్న 340లో ఎండాకాలం కొన్ని గుర్రాలు సెలవు పెడతాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌కి నాకింగ్‌ని ఆపే గుణం ఉంది, అది మంచిదే. కానీ లీటరుకి శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పదేళ్ల నాటి కారులో రబ్బరు గొట్టాలు దాన్ని తట్టుకుంటాయా అన్నది కంపెనీ మాన్యువల్ తీసి చూసుకోవాల్సిన విషయం.

కొన్ని ఇంజన్లలో రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో సూపర్‌ఛార్జర్‌ని కూర్చోబెడతారు. దాని కిందే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, పారే ప్లాస్టిక్ గొట్టాలు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కి చిట్లుతుంది. గొట్టం ఖరీదు పెద్దది కాదు. దాన్ని మార్చాలంటే సూపర్‌ఛార్జర్ మొత్తం విప్పాలి, ఆ కూలీయే ఖర్చు. కూలెంట్ తగ్గిందని తెలియక ఇంకో పది కిలోమీటర్లు నడిపితే ఇంజనే పోవచ్చు. మన ఊళ్లో మెకానిక్కులు చేతి పనిలో ఎవరికీ తీసిపోరు, నా దగ్గర చదువుకున్నవాళ్లే చాలామంది. అయితే ఈ బండికి కంపెనీ కంప్యూటర్ కావాలి, ప్రత్యేకమైన పనిముట్లు కావాలి, విడిభాగం బయటి దేశం నుంచి రావాలి. కారు బండి మీద ఎక్కి విశాఖకో హైదరాబాదుకో పోవాలి. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు మీద గాలితో పాటు నీళ్లు కూడా ఇంజన్‌లోకి పోతే మామూలు ఇన్సూరెన్స్ పాలసీ ఆ ఇంజన్ నష్టాన్ని ఇవ్వదు. ఇంజన్ ప్రొటెక్షన్ అని విడిగా డబ్బు కట్టి తీసుకోవాలి.

ఇదంతా విని మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "కాదు మావయ్యా, స్టార్ట్ చేసినప్పుడు ఆ సౌండు ఉంది చూడు..." అన్నాడు. ఇదిగో, ఇప్పుడు నిజం చెప్పాడు. కాలు నొక్కగానే ఎగ్జాస్టు గర్జన, వేగం పెరిగే కొద్దీ దానిపైన సన్నగా సాగే సూపర్‌ఛార్జర్ కూత. వెంటనే స్పందించే బండే కావాలంటే ఎలక్ట్రిక్ కారు అంతకంటే బాగా స్పందిస్తుంది, బెల్టు లేదు, కూలెంట్ గొట్టాల గొడవ తక్కువ, జీఎస్టీ కూడా 5 శాతమే. పెట్రోలుతో నడిచే పెద్ద కార్ల మీద 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం. కానీ ఆ కూత ఎలక్ట్రిక్ కారులో లేదు. సంతోషం కోసం ఖర్చు పెడుతున్నాననీ, ఆ డబ్బు తిరిగి రాదనీ ఒప్పుకునేవాడికి నేను అడ్డం చెప్పను. మనవాళ్లు పందెం ఎడ్ల మీద పెట్టలేదా?

కాబట్టి వాడికి కొనుక్కోమనే చెప్పాను. అప్పు లేకుండా కొనాలి. ఇంట్లో ఇంకో మామూలు కారు ఉండాలి, ఆసుపత్రికీ పెళ్లిళ్లకీ అదే తిరగాలి. కారు ధరలో పదో వంతు ప్రతి ఏటా రిపేర్ల కోసం పక్కన పెట్టగలగాలి. ఇది నా అంచనా మాత్రమే, ఎవరి సూత్రమూ కాదు. ఎక్కువని అనుకుంటే మీరు తగ్గించుకోండి, కానీ సున్నా మాత్రం చేయకండి.

ఇంతలో వాడి స్నేహితుడొకడు, అంత డబ్బెందుకు, మన పాత కారుకే సూపర్‌ఛార్జర్ కిట్ బిగిద్దాం అన్నాడట. వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ తప్పదు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఎఫ్-టైప్ పేరుతోనే రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల కారు కూడా మన దేశంలో అమ్మారు. దానికి ఉన్నది టర్బో, సూపర్‌ఛార్జర్ కాదు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, కాబట్టి ఆర్సీలో ఇంజన్ సీసీ చూడాలి. వేరే రాష్ట్రం బండి అయితే 28వ నంబరు ఫారం మీద ఎన్ఓసీ, అంటే అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్సు ఎంత పడుతుందో ఆర్టీవో ఆఫీసులో ముందే అడగాలి, బేరం కుదిరాక కాదు. కూలెంట్ ట్యాంకు మూత తీసి మట్టం చూడాలి, చుట్టూ ఎండిన తెల్లటి మరకలుంటే లీకేజీ అనుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఇంజన్ రాత్రంతా చల్లబడ్డాక మన ఎదుటే స్టార్ట్ చేయించాలి. సూపర్‌ఛార్జర్ లోపల తిరుగుడుని అందించే కప్లింగ్ అరిగితే ఆ మొదటి నిమిషాల్లో గలగలమని చప్పుడు వస్తుంది, చల్లటి ఇంజన్‌లో చైను వదులైతే అదీ వినిపిస్తుంది. అమ్మేవాళ్లు ముందే ఓ అరగంట నడిపి వేడి చేసి ఉంచుతారు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే మర్యాదగా రేపు వస్తామని చెప్పి వచ్చేయండి. మా వాడూ నేనూ వచ్చే ఆదివారం తెల్లవారకముందే ఆ కారున్న షెడ్డు దగ్గర ఉంటామని కబురు పెట్టాం. నమస్కారం.