హాస్టల్‌కు దుప్పటి మోయాలా?

అందరికీ నమస్కారం. ప్రయాణాల్లో హాస్టల్ డార్మిటరీలో దిగేవాళ్లకు ఎప్పుడూ వచ్చే సందేహం ఇది: పక్కబట్టలు మనవే తీసుకెళ్లాలా? జవాబు ముందే చెప్పేస్తాను. పక్కంతా మోయక్కర్లేదు. ఒక లైనర్, ఒక దిండు గలీబు చాలు. రెండూ కలిపి అరకిలో దాటవు.

లైనర్ అంటే దుప్పటిని నిలువుగా మడిచి సంచిలా కుట్టినది. అందులో దూరి పడుకుంటాం. ఒకప్పుడు యూత్ హాస్టళ్లలో ఇది లేకుండా మంచం ఇచ్చేవాళ్లు కాదు. లేనివాళ్లు అద్దెకు తీసుకోవాల్సిందే. ఆల్ప్స్ కొండల మీది బసల్లో చాలాచోట్ల ఇప్పటికీ అదే నియమం. కారణం సులువే. కింద పరిచే దుప్పటి మనిషి మారినప్పుడల్లా మారుస్తారు గానీ పైన కప్పుకునే రగ్గును అలా రోజూ ఉతకడం కుదరదు. లైనర్ ఆ రగ్గుకూ మన ఒంటికీ మధ్య అడ్డు. తల వైపు 30 సెంటీమీటర్ల బట్టను రగ్గు అంచు మీదికి మడిచి పెట్టుకుంటే ముఖానికి కూడా రగ్గు తగలదు.

బట్ట ఎంచుకోవడం దగ్గరే చాలామంది తడబడతారు. పట్టు లైనర్ 150 గ్రాములలోపే ఉంటుంది, పిడికిలంత చోటులో ఇమిడిపోతుంది, త్వరగా ఆరుతుంది. కానీ వేడినీళ్లకు తట్టుకోదు. నూలుది 350 నుంచి 400 గ్రాములు తూగుతుంది, ఆరడానికి రాత్రంతా పట్టవచ్చు. అయితే 60 డిగ్రీల నీళ్లలో ఉతకవచ్చు. రోజుకో చోట దిగుతూ బరువు లెక్క చూసుకునేవాళ్లకు పట్టు. ఉతికే యంత్రం దొరికే ఊళ్లలో తిరిగేవాళ్లకు నూలే మేలు, చవక కూడా.

ఇంట్లో కుట్టుకోవచ్చు. 180 సెంటీమీటర్ల వెడల్పు, 220 పొడవు ఉన్న పలచని నూలు దుప్పటి తీసుకోండి. ముందు ఒకసారి వేడినీళ్లలో ఉతకండి. కుట్టాక ఉతికితే బట్ట ముడుచుకుని సంచి పొట్టిదవుతుంది. నిలువుగా మడిస్తే 90 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. అడుగు అంచు మొత్తం, పక్క అంచును కింది నుంచి 150 సెంటీమీటర్ల వరకు కుట్టి, పైన 70 వదిలేయండి. కుట్టు ఆగే ఆ చోటే ముందుగా చిరుగుతుంది, రాత్రి కాళ్లు ఆడించినప్పుడు లాగుడంతా అక్కడే పడుతుంది కాబట్టి. అక్కడ నాలుగైదు సార్లు ముందుకూ వెనక్కూ కుట్టండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సొంత దుప్పటి ఉంటే నల్లులు కుట్టవని చాలామంది నమ్మకం. అది తప్పు. నల్లి పరుపు అంచు కుట్టులోనో, మంచం అతుకులోనో దాక్కుని రాత్రి బయటికొస్తుంది. మీ దుప్పటి దానికి అడ్డు కాదు, వాహనం. అందుకే చాలా హాస్టళ్లు స్లీపింగ్ బ్యాగును గదిలోకి రానివ్వవు. నిన్న ఎక్కడో పరిచినది, లోపల మెత్త దట్టించినది, ఎన్నో కుట్లున్నది; అందులో ఏముందో వాళ్లకెలా తెలుస్తుంది? ఈ నియమం చూసి కోపం తెచ్చుకోకండి. అది పెట్టిన హాస్టల్ మీదే నమ్మకం ఎక్కువ ఉంచవచ్చు.

నల్లుల నుంచి కాపాడేది దుప్పటి కాదు, దిగగానే చేసే ఐదు నిమిషాల తనిఖీ. సామాను సంచిని మంచం మీద పడేయకండి, ఇనుప స్టాండు మీదో స్నానాల గది గచ్చు మీదో పెట్టండి. ఫోన్ టార్చి వేసి, తల వైపు మూలల్లో దుప్పటి ఎత్తి పరుపు అంచు కుట్టు వెంట చూడండి. ఆ తర్వాత మంచం అతుకులు, మేకుల రంధ్రాలు. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు, గడ్డి రంగు పొట్టు, ఆపిల్ గింజంత పురుగు, వీటిలో ఏది కనిపించినా అనుమానించాలి. తడిగుడ్డతో రుద్దితే మచ్చ సిరాలా పారిందంటే అది నల్లి రెట్ట అయ్యే అవకాశం ఎక్కువ. అదే గదిలో మంచం మారితే లాభం లేదు. గదే మార్చమనండి, గోడ ఆనుకుని ఉన్న గది మాత్రం వద్దు. ఒంటి మీద దద్దుర్లు లేవడానికి కొందరికి రోజులు పడుతుంది కాబట్టి వాటిని బట్టి నల్లులు ఏ హాస్టల్లో అంటుకున్నాయో తేల్చలేం.

బుక్ చేసేటప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. దుప్పటి అద్దెలో కలిసే ఉందా, విడిగా కట్టాలా? రగ్గు ఇస్తారా? సొంత లైనర్ వాడనిస్తారా? వాడనివ్వకపోతే గలీబు ఒక్కటే పట్టుకెళ్లండి.

నెల పైన ఉండే హాస్టల్ అయితే లెక్క వేరు. అక్కడ సొంత పక్కబట్టలే సరి, మార్చుకోవడానికి రెండు జతలు. పరుపు కొలత కనుక్కోకుండా ఎలాస్టిక్ దుప్పటి కొనకండి. బంక్ మంచాలు కొన్ని 80 సెంటీమీటర్ల వెడల్పే ఉంటాయి. 150 వెడల్పున్న మామూలు దుప్పటైతే ఒక్కరు పడుకునే ఏ పరుపుకైనా రెండు వైపులా కిందికి దోపుకోవచ్చు.

తిరిగొచ్చాక సంచిని పడకగదిలో విప్పకండి. నూలు బట్టలు 60 డిగ్రీల్లో ఉతికి, డ్రయర్ ఉంటే ఎక్కువ వేడిలో అరగంట తిప్పండి. పట్టు లైనర్‌ను గాలి చొరని కవరులో కట్టి, మైనస్ 18 డిగ్రీలుండే ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి.