ఇన్సులిన్ ఇచ్చే ముందు: జవాబు మన నోట్లెకెళ్లి రావొద్దు

నమస్తే. నర్సింగ్ పిల్లలు, ఎంబీబీఎస్‌లో కొత్తగా వార్డు పోస్టింగ్‌కు వచ్చినోళ్లు, ఇయ్యాల ఒక్కటే పని చూద్దాం. పొద్దున టిఫిన్‌కు ముందు ఇన్సులిన్ 10 యూనిట్లు. ఇందుల తప్పు ముఖ్యంగా రెండు చోట్ల జరుగుతది: మంచం కాడ, ట్రే కాడ.

ముందు మంచం. ములుగు, పరకాల, భూపాలపల్లి దిక్కుకెళ్లి పేషెంట్లు వచ్చే వార్డుల ఇద్దరు సమ్మక్కలుండుడు వింతేం కాదు. మీరు పోయి "సమ్మక్కవేనా అవ్వా?" అంటే "ఆఁ" అంటది. చెవులు వినరాకున్నా ఆఁ అంటది, సూది తొందరగా అయిపోతే చాలనుకున్నా ఆఁ అంటది. అందుకే "నీ పేరేందవ్వా? ఏ ఊరు?" అని అడిగి ఆగండి. ఆమె చెప్పిన పేరు, చేతి పట్టీ మీది ఐపీ నంబర్ (ఆస్పత్రిల చేరినప్పుడు ఇచ్చే నంబర్) రెండూ కేస్ షీట్‌తోని కలవాలె. మంచం నంబర్ లెక్కలకు రాదు. రాత్రికి రాత్రి మంచాలు మారుతయి.

ఇగ ట్రే. (కెమెరా దగ్గరికి: రెండు సిరంజిలు) ఎర్ర మూతది 40 సిరంజి, 1 ఎంఎల్ నిండితే 40 యూనిట్లు. నారింజ మూతది 100 సిరంజి, 1 ఎంఎల్ నిండితే 100 యూనిట్లు. మన దగ్గర వయల్స్ (మందు సీసాలు) ఎక్కువగా 40 ఐయూవి, అంటే ఒక్క ఎంఎల్‌ల 40 యూనిట్లున్నవి, కానీ 100వి కూడా ఉంటయి. 40 వయల్‌లకెళ్లి నారింజ సిరంజితోని 10 గీత దాకా తీసిన్రనుకోండి. అది 0.1 ఎంఎల్, అందుల ఉన్నయి 4 యూనిట్లే. షుగర్ దిగదు, డాక్టర్ డోసు పెంచుతడు. రేపు ఇంకొకరు సరైన సిరంజి పట్టుకున్ననాడు ఆ పెంచిన డోసంతా ఒంట్లకు పోతది. అసలు దెబ్బ అక్కడ. తిరగేస్తే, 100 వయల్‌కు ఎర్ర సిరంజి వాడితే 10 గీత కాడ 0.25 ఎంఎల్, అంటే 25 యూనిట్లు. చెమటలు, వణుకు, ఆపైన ఫిట్స్, కోమా. మూత తీసినంక రంగు పోతది కాబట్టి వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె పక్కపక్కన పెట్టి చదవండి.

తెల్లగుండే ఇన్సులిన్ అయితే వయల్‌ను అరచేతుల నడుమ మెల్లగా 10 సార్లు దొర్లించాలె. ఊపితే నురగొచ్చి డోసు తప్పుతది.

రెండో సిస్టర్‌తోని చెక్ చేయించేటప్పుడు "10 కదా సిస్టర్?" అనొద్దు. ఆమె గూడ మన సమ్మక్క లెక్కనే ఆఁ అంటది. సిరంజి, వయల్, కేస్ షీట్ చేతికిచ్చి "ఎంతుంది?" అని ఊరుకోండి. చూసి ఆమెనే చెప్పాలె.

హౌస్‌సర్జన్లు ఆర్డర్ రాసేటప్పుడు 'యూనిట్స్' అని పూర్తిగా రాయండి. ఒక్క ఇంగ్లీష్ 'U' అక్షరం పెడితే సున్నా లెక్క కనబడి 10 కాస్త 100 అవుతది.

సూది ముందట ఇంకోటి చూడాలె, ఆమెకు తిననీకి ఏమన్న ఉందా అని. స్కానింగ్‌కని పరగడుపున ఉంచితే ఆగి డాక్టర్‌ను అడగండి. ఇచ్చినంక అక్కడ నిలబడే టైం రాయండి. రాయకపోతే డ్యూటీ మారినంక వచ్చినోళ్లు మళ్లా ఇస్తరు.