19 టేకుల వీడియో రెజ్యూమె

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ వీడియో రెజ్యూమెల గురించి. ముందే చెప్పేస్తున్నా, ఈ విషయంలో నేను నిపుణుణ్ణి కాదు, బాధితుణ్ణి. అందుకే ఎన్నో ఏళ్లుగా ఉద్యోగాలకు మనుషుల్ని ఎంపిక చేసే పనిలో ఉన్న అన్నను పట్టుకొచ్చి కూర్చోబెట్టాను. ఇదివరకు ఆయన టీమ్‌లోనే పనిచేశాను కాబట్టి ఇప్పుడు కొత్తగా ‘గారు’ అంటే బాగోదు. అన్నా, స్వాగతం.

అతిథి: స్వాగతాలు తర్వాత. ముందు ఆ బాధేంటో చెప్పు.

హోస్ట్: ఉద్యోగం మారదామని తిరుగుతున్న రోజుల్లో ఎవరో చెప్పారన్నా, వీడియో రెజ్యూమె పంపితే వెంటనే పిలుస్తారని. సరేనని ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను, అలా కూర్చుంటే ముఖం నల్లగా పడుతుందని ఎవరు చెప్పారు నాకు? ల్యాప్‌టాప్‌లో రాసుకున్నది చదువుతూ, పక్కన ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ, మొత్తం 19 టేకులు. సాయంత్రానికి ఒకటి పర్లేదు అనిపించింది. 2 నిమిషాల 40 సెకన్లు. యూట్యూబ్‌లో ఎక్కించి లింక్ పంపేశాను. రెండు రోజుల తర్వాత అవతలి నుంచి ఒక్కటే లైను: ‘ఈ వీడియో ప్రైవేట్ అని వస్తోంది.’

అతిథి: (నవ్వు) ప్రైవేట్‌లో పెట్టావా?

హోస్ట్: ప్రైవేట్ అంటే లింక్ ఉన్నవాళ్లకు కనబడుతుంది కదా అనుకున్నాను.

అతిథి: అది అన్‌లిస్టెడ్. ప్రైవేట్ అంటే నువ్వు పేరుపేరునా పిలిచిన గూగుల్ ఖాతాలకే. అన్‌లిస్టెడ్ అయితే వెతికినా దొరకదు, లింక్ ఉన్నవాళ్లు ఎవరైనా చూడొచ్చు. ఏం పెట్టినా సరే, పంపే ముందు ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే బ్రౌజర్‌లో నీ ఖాతా లాగిన్ అయి ఉండని విండోలో, ఒకసారి తెరిచి చూసుకోవాలి. నీ ఫోన్‌లో నీకు కనబడుతుంది, అందులో వింతేముంది, అది నీ ఖాతాయే కదా. మాకు గూగుల్ డ్రైవ్ లింకులు కూడా ఇలాగే వస్తుంటాయి, నొక్కితే ‘అనుమతి అడగండి’ అంటుంది. నేనెందుకు అడుగుతాను? పక్క అప్లికేషన్‌కి వెళ్లిపోతాను.

హోస్ట్: మెయిల్‌కే అటాచ్ చేద్దామంటే జీమెయిల్ 25 ఎంబీ దాటనివ్వదు.

అతిథి: మంచిపనే చేస్తోంది. తెలియని మనిషి పంపిన వీడియో ఫైల్‌ని ఆఫీసు కంప్యూటర్‌లోకి ఎవరు దించుకుంటారు? సరే, ప్రైవేట్ సంగతి వదిలెయ్, అది చిన్న తప్పే. ఆ 2 నిమిషాల 40 సెకన్లలో ఏం చెప్పావు?

హోస్ట్: అంటే... పేరు, చదువు, ఎన్నేళ్ల అనుభవం, ఏమేం టూల్స్ వచ్చు. కష్టపడి పనిచేస్తాను, టీమ్‌తో కలిసిపోతాను.

అతిథి: అంటే కాగితం మీద ఉన్నదాన్నే పైకి చదివి వినిపించావు. నా వైపు నుంచి చూడు. ముందర వందల అప్లికేషన్లు ఉంటాయి. కాగితమైతే నా కన్ను తిన్నగా నాకు కావల్సిన చోటికే పోతుంది, ఆఖరి ఉద్యోగం ఏది, ఎంతకాలం చేశాడు, ఈ పని చేశాడా లేదా, అయిపోయింది. వీడియోలో అలా కాదు, నువ్వు ఏ వరుసలో చెప్తే ఆ వరుసలో నేను చేతులు కట్టుకుని కూర్చుని వినాలి. నీ ఒక్కడి వీడియో అయ్యేలోపు పది కాగితాలు తిరగేస్తాను. పైగా చాలా కంపెనీల్లో అప్లికేషన్లన్నీ ముందు ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో పడతాయి, అందులో మాటలు కొట్టి వెతుక్కుంటాం. వీడియోలో ‘నాకు ఎస్‌క్యూఎల్ వచ్చు’ అని ఎంత అరిచినా ఆ వెతుకులాటలో నువ్వు తగలవు. కాగితం ఎటూ ఉండాల్సిందే. వీడియో దాని పక్కన కూర్చునేది, అంతే.

హోస్ట్: మరి అప్పట్లో టిక్‌టాక్ వాళ్లే రెజ్యూమెలు వీడియోలో పంపమన్నారు కదా?

అతిథి: 2021 జులైలో, అమెరికాలో. 7వ తేదీ నుంచి 31 దాకా ఒక ప్రయోగంలా నడిపారు, టార్గెట్, షాపిఫై లాంటి కంపెనీలు అందులో చేరాయి. అక్కడ కంపెనీయే వీడియో కావాలని అడిగింది. అడిగినచోట పంపు, నేను వద్దనను. అసలిది కొత్తదేం కాదు, 1980ల్లోనే వీహెచ్‌ఎస్ క్యాసెట్ల మీద రికార్డ్ చేసి పంపినవాళ్లు ఉన్నారు.

హోస్ట్: అడగనిచోట పంపితే నష్టమా?

అతిథి: కొన్నిచోట్ల నష్టమే. ఎందుకో చెప్తా. మరియన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్‌లోనూ చికాగోలోనూ ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపారు. అర్హతలు ఒకే స్థాయివి, పేర్లు మాత్రం వేరు. 2004లో ఫలితం అచ్చయింది. తెల్లవాళ్ల పేర్లలా వినిపించేవాటికి, నల్లజాతివాళ్ల పేర్లలా వినిపించేవాటికన్నా సుమారు 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. కాగితం మీద ఒక్క పేరే అంత పని చేస్తే, వీడియోలో రంగు, వయసు, యాస, ఒంటి తీరు, వెనకాల గోడ, అన్నీ ఒకేసారి కనబడతాయి. అందుకే కొన్ని కంపెనీలు ఫోటో ఉన్న రెజ్యూమెలే పక్కన పెట్టేస్తాయి, రేపు వివక్ష అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఏం చెప్పుకోవాలని వాళ్ల భయం.

హోస్ట్: మీకెప్పుడైనా అలా అయిందా? నిజం చెప్పాలి.

అతిథి: అయింది. ఒకసారి ఒకమ్మాయి వీడియో చూస్తున్నాను, వెనక తాడు మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. నాలుగు సెకన్లు గడిచాయో లేదో ‘శ్రద్ధ లేదు’ అని రాసేశాను. ఏం చెప్తోందో వినకుండానే. తర్వాత కాగితం తీసి చూస్తే ఆ పోస్టుకి వచ్చిన నాలుగైదు మంచివాటిలో అదొకటి. ఇల్లు చిన్నది, ఉన్నది ఒక్కటే గది, ఇంకెక్కడ కూర్చుంటుంది? ఆ నోట్ కొట్టేశాను అనుకో, కానీ అన్ని రోజులూ మనకు అంత తీరిక ఉండదు.

హోస్ట్: ...అది వినడానికే కష్టంగా ఉంది అన్నా.

అతిథి: రాసినవాడికి ఇంకా కష్టం. సరే. ఇంకొకటి కూడా కలిపి మాట్లాడుతున్నారు జనం, స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, నువ్వు ఒక్కడివే కెమెరాకి జవాబు చెప్తావు, అవతల మనిషి ఉండడు. అది వీడియో రెజ్యూమె కాదు, వన్-వే ఇంటర్వ్యూ. అక్కడ నీకు ఛాయిస్ తక్కువ. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే హైర్‌వ్యూ అనే కంపెనీ ముఖకవళికలను బట్టి అంచనా వేసే పద్ధతిని మానేశామని 2021 జనవరిలో ప్రకటించింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో అయితే 2020 నుంచి చట్టమే ఉంది, వీడియోను ఏఐతో విశ్లేషిస్తే ముందే చెప్పాలి, ఒప్పుకోలు తీసుకోవాలి, తీసెయ్యమని అడిగితే 30 రోజుల్లో తీసెయ్యాలి.

హోస్ట్: ఇంతా చెప్పాక అడుగుతున్నా, మీకు నచ్చిన వీడియో రెజ్యూమె ఒక్కటైనా ఉందా?

అతిథి: ఉంది, బాగా గుర్తుంది. లెక్కలు చెప్పే టీచర్ పోస్టు. వీడియో మొదట్లో మనిషి ముఖమే లేదు. రెండు చేతులు, ఒక తెల్లకాగితం. ‘ఒకటిని అరతో భాగిస్తే రెండు వస్తుందంటే పిల్లలు నమ్మరు, భాగిస్తే తగ్గాలి కదా అంటారు’ అని గొంతు వినిపించింది. కాగితాన్ని మధ్యకు మడిచి, గోరుతో గీత నొక్కి, రెండుగా చింపింది. ‘ఈ ఒక్క కాగితంలో సగాలు ఎన్ని ఉన్నాయి? అదే నేనడిగిన ప్రశ్న.’ అంతే. అప్పుడు కెమెరా పైకి లేపి పేరు చెప్పి, ఎన్నో తరగతి పిల్లలకు చెప్తోందో చెప్పి, ఒక్క వాక్యంలో ముగించింది. మొత్తం 50 సెకన్లు ఉంటుందేమో. నేను ఇంటికెళ్లి మా వాడికి అదే కాగితం చింపి చూపించాను.

హోస్ట్: ఉద్యోగం వచ్చిందా?

అతిథి: ఇంటర్వ్యూకి పిలిచాం, డెమో క్లాస్ ఇంకా బాగా చెప్పింది, వచ్చింది. చూడు, ఆమె ‘నేను బాగా బోధిస్తాను’ అనే మాటే అనలేదు. మాట్లాడటమో చూపించడమో అసలు పనిలో భాగమైనప్పుడే వీడియో అక్కరకొస్తుంది. టీచర్, సేల్స్, కస్టమర్ సపోర్ట్, డిజైన్. రోజంతా అకౌంట్స్ సరిచూసే ఉద్యోగానికి నీ చిరునవ్వు నేనేం చేసుకోను?

హోస్ట్: నాది డేటా పని. అంటే నాకు అవసరం లేదా?

అతిథి: ముఖం అవసరం లేదు. స్క్రీన్ రికార్డ్ చెయ్. ఒక చార్ట్ తీసుకో, ఇది మొదట ఇలా తప్పుదారి పట్టించింది, ఇక్కడ అనుమానం వచ్చింది, ఇలా సరిచేశాను అని నిమిషంలో చెప్పు. కానీ పాత కంపెనీ డేటా చూపించకు, ఈ తప్పు చేసినవాళ్లను చూశాను. కస్టమర్ల పేర్లు అలా బయటపెట్టినవాణ్ణి ఎవరు నమ్ముతారు, రేపు మా డేటా కూడా ఇలాగే చూపిస్తాడు కదా. అందరికీ అందుబాటులో ఉండే డేటా తీసుకో.

హోస్ట్: రికార్డింగ్ సంగతి కూడా కాస్త చెప్పండి, వినేవాళ్లు అడుగుతారు.

అతిథి: కిటికీకి ఎదురుగా కూర్చో, వీపు పెట్టకు, అది నీకు తెలిసొచ్చింది. ఫోన్ కళ్ల ఎత్తులో పెట్టు, కింద పెడితే ముక్కు రంధ్రాలు కనబడతాయి. ఫ్యాన్ ఆపు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట సరిగ్గా వినబడకపోతే మాత్రం ఆపేస్తారు, కాబట్టి డబ్బు పెట్టాల్సి వస్తే మైక్ మీద పెట్టు. సబ్‌టైటిల్స్ వెయ్యి, ఆఫీసులో సౌండ్ లేకుండా చూసేవాళ్లు ఉంటారు. స్క్రిప్ట్ చదవకు, కళ్లు పక్కకు పోతున్నాయని ఇట్టే తెలిసిపోతుంది. మూడు మాటలు కాగితం మీద రాసి కెమెరా పక్కన అంటించుకో, చాలు. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, పుట్టినతేదీ వీడియోలో చెప్పొద్దు, అవి మెయిల్‌లో ఉంటాయి. లింక్ ఎటు తిరుగుతుందో మనకు తెలియదు.

హోస్ట్: టేకులు ఎన్ని?

అతిథి: నాలుగు దాటితే ఆ రోజుకు ఆపెయ్. 19వ టేకులో ఉన్నది నువ్వు కాదు, అలసిపోయిన ఇంకెవరో. అవునూ, నీ పాత వీడియో తీసేశావా?

హోస్ట్: లేదు... ప్రైవేట్ అని వస్తోందన్నారు కదా, కంగారులో పబ్లిక్ చేసేశాను. అలాగే ఉండిపోయింది.

అతిథి: అంటే ఇప్పటికీ ఎవరైనా చూడొచ్చా? ఎన్ని వ్యూస్?

హోస్ట్: ఆగండి చూస్తా... 11.

అతిథి: పర్లేదే.

హోస్ట్: అందులో తొమ్మిది నావే అన్నా.