నోటీసు వచ్చిన కవరు పారేయకండి

యాంకర్: నమస్కారమండి. ఈ రోజు మనతో భీమవరంలో రొయ్యల మేత డీలరు దగ్గర అకౌంట్స్ చూసే మేడమ్ ఉన్నారు. లా చదవలేదు కానీ, లీజు కాగితాలైనా నోటీసులైనా ముందు ఆవిడ టేబుల్ మీదకే వస్తాయి. మేడమ్, లాయర్ నోటీసంటేనే టెన్షన్ కదండీ?

అకౌంటెంట్: ఉంటుందండి. అందుకే చదవడం తర్వాత. ముందు కవరు మీద ఆ రోజు తేదీ వేసి, నోటీసుకి పిన్ను కొట్టేస్తాను. కవరు చెత్తబుట్టలో పడేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

యాంకర్: కవరుతో అంత పనేముందండి?

అకౌంటెంట్: చెక్కుల సంగతే చూడండి. రైతు మేత అప్పు మీద పట్టుకెళ్తారు, పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, అయ్యాక చెక్కు ఇస్తారు. అది బౌన్స్ అయితే, బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లోపు మనం రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో వాళ్ళు కట్టకపోతే, ఆపైన నెల లోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138 సెక్షన్ అంటారే, అదే. లెక్కంతా ‘అందిన రోజు’ నుంచే. అది ఏ రోజో లాయర్ గారికి ఎలా తెలుస్తుంది? చెప్పాల్సింది మనమే.

యాంకర్: మరి చెరువు లీజులు?

అకౌంటెంట్: అబ్బో, అక్కడ ఇంకా పనుందండి. మూడేళ్ళ లీజు స్టాంపు పేపరు మీద రాసుకుని, సాక్షి సంతకాలు పెట్టించి బీరువాలో దాచేస్తారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటే లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. ఇది లాయర్ గారు చెప్తారు, సరే. మరి షెడ్యూలు, అంటే చెరువు హద్దులూ వివరాలూ రాసే భాగం? మొన్నొక డ్రాఫ్టులో ఉత్తరం హద్దు ‘పంట కాలువ’ అని ఉంది. అక్కడున్నది మురుగు కాలువ! రాసినాయన ఆ గట్టు ఎక్కలేదు కదా, ఆయనకేం తెలుసు? సర్వే నంబరు, విస్తీర్ణం, అడంగల్‌లో, అంటే ఊరి భూముల రికార్డులో, పేరు పోల్చి చూడటానికి లా డిగ్రీ అక్కర్లేదండి.

యాంకర్: అర్థం కాని క్లాజు వస్తే?

అకౌంటెంట్: పెన్సిల్‌తో గీత గీసి పక్కనే ప్రశ్న రాస్తాను. ‘ఒకసారి చూడండి సార్’ అని పంపితే పైపైన చూసి బాగుందంటారు. ‘వైట్ స్పాట్ రోగం వచ్చి రొయ్యల పంట పోతే లీజు సొమ్ము కట్టాలా?’ అని అడిగితే ఆ ముక్కకే జవాబొస్తుంది. ఆ జవాబు కూడా వాట్సాప్‌లో పెట్టమంటాను.

యాంకర్: ఓనరు గారు తొందరపెడితే?

అకౌంటెంట్: పెడతారండి, వ్యాపారం కదా. కానీ ఖాళీలున్న కాగితం మీద రైతు చేత సంతకం పెట్టించను. సంతకం చేసిన ఖాళీ ప్రోనోటు చేతికిస్తే, నింపుకోమని అధికారం ఇచ్చినట్టే చట్టం చూస్తుంది. అంకె వేసి, చదివి వినిపించి, అప్పుడే పెన్ను ఇస్తాను.