మళ్లీ మళ్లీ కోవిడ్: ఎవరికి ముప్పు ఎక్కువ?

(సోంపేటలో డయాలసిస్ రోగుల కుటుంబాలను, ఆశా కార్యకర్తలను ఉద్దేశించి ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కవిటి, కంచిలి, మందస నుంచి కూడా వచ్చారు. డయాలసిస్ లేని రోజు చూసుకుని ఓపిక చేసుకుని వచ్చినవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను, నేరుగా విషయానికి వస్తాను.

కోవిడ్ గురించి ఊళ్లలో ఎవరిని కదిపినా ఒకే మాట వినిపిస్తుంది. "ఒకపాలి వచ్చీసింది కదా బాబూ, మరింక రాదు." ఈ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. ఆటలమ్మ, తట్టు ఒకసారి వచ్చిపోతే సాధారణంగా మళ్లీ రావు, మన పెద్దలు తరతరాలుగా అది చూశారు. కానీ కరోనా వైరస్‌ల తీరు వేరు. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లు నాలుగున్నాయి, కోవిడ్ రాకముందు నుంచీ అవి మన మధ్యే తిరుగుతున్నాయి. నెదర్లాండ్స్‌లో పదిమంది ఆరోగ్యవంతుల రక్తనమూనాలను కొన్ని దశాబ్దాల పాటు పరీక్షించి చూస్తే, అదే జలుబు వైరస్ ఏడాది తిరిగేసరికి మళ్లీ సోకిన సందర్భాలు తరచుగా కనిపించాయి.

కోవిడ్ రెండోసారి వస్తుందని జన్యుపరీక్షతో మొదట రుజువైంది 2020 ఆగస్టులో, హాంకాంగ్‌లో. 33 ఏళ్ల మనిషికి మొదటిసారి వచ్చిన 142 రోజుల తర్వాత మళ్లీ పాజిటివ్ వచ్చింది. రెండు వైరస్‌ల జన్యుక్రమం వేర్వేరుగా ఉంది. ఇలా జన్యుక్రమం పోల్చి చూడటం ఎందుకంటే, కోలుకున్న తర్వాత కూడా వైరస్ ముక్కలు ముక్కులో కొన్ని వారాలు ఉండిపోయి పరీక్షలో పాజిటివ్ చూపించవచ్చు. అది కొత్త జబ్బు కాదు. అందుకే మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) రెండు పాజిటివ్‌ల మధ్య కనీసం 102 రోజుల ఎడం, ఆ మధ్యలో ఒక నెగటివ్ ఉంటేనే మళ్లీ సోకినట్టు లెక్కించింది. ఆశా కార్యకర్తలు ఈ తేడా గుర్తుంచుకోవాలి. నెలలోపే మళ్లీ పాజిటివ్ వచ్చిందని వచ్చే కంగారు చాలావరకు అనవసరం.

మరి ఎందుకు మళ్లీ వస్తుంది? జబ్బు తగ్గాక మన ఒంట్లో రెండు రకాల రక్షణ మిగులుతుంది. ఒకటి ముక్కు, గొంతు దగ్గర యాంటీబాడీల కాపలా. ఇది కొన్ని నెలల్లో పలచబడుతుంది. రెండోది జబ్బును గుర్తుపెట్టుకునే లోపలి జ్ఞాపక కణాలు. ఇవి చాలాకాలం ఉంటాయి. ఊరి పొలిమేర దగ్గర కాపలా తగ్గినా ఊళ్లో జనం మెలకువగానే ఉన్నట్టు అనుకోండి. దొంగ లోపలికి రాగలడు, కానీ ఊరంతా దోచుకోలేడు. అందుకే చాలామందికి రెండోసారి వచ్చినా ఆసుపత్రి దాకా పోదు. 2023లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ 19 దేశాల్లో జరిగిన 65 అధ్యయనాలను కలిపి చూసింది. మొదటి ఒమిక్రాన్ రకం విషయంలో, ముందు వచ్చిన జబ్బు పది నెలలైనా తీవ్రమైన జబ్బు నుంచి 88 శాతం దాకా కాపాడింది. మళ్లీ సోకకుండా ఆపడంలో మాత్రం ఆ రక్షణ 36 శాతానికి పడిపోయింది.

దీనికి తోడు వైరస్ తన వేషం మార్చుకుంటూ వచ్చింది. ఒమిక్రాన్‌కు ముందు వచ్చిన డెల్టా రకం దాకా, ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ సోకడం తక్కువే. ఖతర్‌లో లెక్కలు చూస్తే పాత జబ్బు డెల్టా నుంచి 92 శాతం రక్షణ ఇచ్చింది, ఒమిక్రాన్ వచ్చేసరికి అది 56 శాతానికి తగ్గింది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా నుంచి బయటపడ్డ ఒమిక్రాన్‌లో, వైరస్ మన కణాలకు అంటుకునే స్పైక్ ప్రొటీన్‌లోనే ముప్పైకి పైగా మార్పులున్నాయి. పాత యాంటీబాడీలు దాన్ని సరిగా గుర్తుపట్టలేకపోయాయి. కాబట్టి ఎప్పుడు వచ్చింది అన్నదే కాదు, ఏ రకం వచ్చింది అన్నదీ లెక్కలోకి వస్తుంది.

వయసు సంగతి. డెన్మార్క్‌లో 2020లో జరిగిన లెక్కింపులో, ఒకసారి సోకినవాళ్లకు మొత్తం మీద 80 శాతం రక్షణ కనిపిస్తే, 65 ఏళ్లు దాటినవాళ్లకు 47 శాతమే కనిపించింది. ఇంట్లో తాతగారికి మొదటి విడతలో వచ్చి తగ్గిపోయింది కదా అని ధీమాగా ఉండటం తగదని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు. టీకా మాట కూడా చెప్పాలి. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, జబ్బు వచ్చి తగ్గాక టీకా వేయించుకోనివాళ్లకు, పూర్తిగా వేయించుకున్నవాళ్లతో పోలిస్తే మళ్లీ సోకే అవకాశం రెండింతల పైనే ఉందని 2021లో తేలింది. జబ్బూ వచ్చి టీకా కూడా పడ్డవాళ్లకు అందరికంటే గట్టి రక్షణ ఉంటుంది.

ఇక పని, ప్రయాణం. వైరస్‌కు ఎన్నిసార్లు ఎదురుపడతామన్నదే అన్నిటికంటే నిక్కచ్చి లెక్క. ఆసుపత్రి సిబ్బంది అందరికంటే ముందుంటారు, మీరు ఆశా కార్యకర్తలు ఆ వరసలోని వాళ్లే. పలాస జీడి పరిశ్రమల్లో ఆడవాళ్లు పక్కపక్కనే కూర్చుని గంటల తరబడి పప్పు ఒలుస్తారు. మన మత్స్యకారులు గుజరాత్ వేరావల్‌కు వేటకు వెళ్లి, ఇరుకు బోట్లలో కలిసి ఉండి, కిక్కిరిసిన రైళ్లలో తిరిగొస్తారు. విజయనగరంలో సిరిమానోత్సవానికి లక్షల మంది చేరతారు. అయినా ఆ ఆరుబయటి జనం కంటే, కిటికీలు మూసిన చిన్న గదిలో పదిమంది కూర్చోవడమే ఎక్కువ ప్రమాదం. గాలి ఆడని చోటును వెతుక్కుని మరీ సోకే జబ్బు ఇది.

ఇప్పుడు అసలు విషయం. ఇంతవరకు చెప్పినవన్నీ కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో ఒకే మనిషి దగ్గర, అంటే డయాలసిస్ రోగి దగ్గర కలుస్తాయి. కిడ్నీలు పాడై రక్తంలో వ్యర్థాలు పేరుకునే కొద్దీ రోగనిరోధక కణాల పని మందగిస్తుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు టీకాతో వచ్చిన యాంటీబాడీలు తక్కువగా ఉంటాయి, త్వరగా తగ్గుతాయి. కిడ్నీ మార్పిడి చేయించుకుని, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లలో కొందరికి రెండు డోసులు పడ్డా యాంటీబాడీలే కనిపించలేదు. ఇక లాక్‌డౌన్‌లో మనమంతా ఇంట్లో కూర్చున్నాం, వీళ్లు కూర్చోలేకపోయారు. వారానికి రెండు మూడు సార్లు ఆటోలోనో అంబులెన్సులోనో వెళ్లి, నాలుగు గంటల పాటు ఒకే హాలులో పక్కపక్క మంచాల మీద ఉండాలి. మానేస్తే ప్రాణం పోతుంది. బలహీనమైన రక్షణ, తప్పించుకోలేని ప్రయాణం, ఈ రెండూ వాళ్లు కోరుకున్నవి కావు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

కాబట్టి ఈ భారం రోగి ఒక్కడి మీదే వేయకండి. ఇంట్లో ఎవరికి జలుబు, దగ్గు వచ్చినా ఆ నాలుగైదు రోజులు డయాలసిస్ మనిషికి వేరే గదిలో పడక వేయండి. గది లేకపోతే అరుగు మీదైనా, గాలి తగిలే చోట పడుకోనివ్వండి. రోగితో పాటు డయాలసిస్ సెంటర్‌కు వెళ్లే మనిషికి ఒంట్లో బాగాలేకపోతే ఆ రోజు మరొకరిని పంపండి. మాస్కు అక్కడ వింతేమీ కాదు, పెట్టుకోండి. టీకా సంగతి మీ కిడ్నీ డాక్టరును అడగండి. రోగికే కాదు, ఇంట్లో మిగతావాళ్లకూ అవసరమేమో అడగండి.

రోగికి జ్వరం వస్తే మందుల షాపుకు వెళ్లి నొప్పి మాత్రలు తెచ్చుకోవద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మిగిలిన కాస్త కిడ్నీ పనినీ దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ ఎంత వేసుకోవాలో డాక్టరును అడిగి వేసుకోండి. వెంటనే పరీక్ష చేయించండి. కోవిడ్ వైరస్ మీద నేరుగా పనిచేసే మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపు మొదలుపెడితేనే ఉపయోగం. కిడ్నీ రోగులకు వాటిలో కొన్నిటి డోసు మార్చాలి. మార్పిడి చేయించుకుని టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లకు కొన్ని మాత్రలతో ఆ మందు రక్తంలో ప్రమాదకరంగా పెరుగుతుంది. కాబట్టి వాడుతున్న మందుల చీటీ డాక్టరుకు తప్పకుండా చూపించండి.

పాజిటివ్ వచ్చిందని భయపడి డయాలసిస్ మానకండి. బయలుదేరే ముందు సెంటర్‌కు ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు వేరే వేళో వేరే మంచమో ఏర్పాటు చేస్తారు. ఆ నంబరు మీ దగ్గర లేకపోతే ఇవాళ వెళ్లేలోపే మీ ఆశా కార్యకర్తను అడిగి ఫోన్‌లో ఎక్కించుకోండి.