రెండుసార్లు షూలు మార్చినా వెనక బ్రేకు పట్టకపోతే

(షాట్: విజయనగరంలో మా షెడ్డు. పాత పికప్, వెనక చక్రాలు రెండూ విప్పి ఉన్నాయి.)

నమస్తే. ఈ బండి రామభద్రపురం మార్కెట్ నుంచి కూరగాయలు తోలుతుంది. పొద్దున్నే వచ్చిన డ్రైవర్ అన్న మాట ఇది: "మేస్త్రీ, ఖాళీగా ఉంటే సుబ్బరంగా ఆగుతోంది. లోడు వేస్తే మాత్రం పెడల్ మీద నిలబడాల్సి వస్తోంది. రెండుసార్లు షూలు మార్పించాను."

డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే గిన్నె లాంటి ఇనుప భాగం, షూలంటే దానికి లోపల్నుంచి ఒరుసుకుని బండిని ఆపే వంపు ముక్కలు. రెండుసార్లు మార్చినా పోలేదంటే జబ్బు షూల్లో లేదు. అయినా డ్రమ్ము విప్పి చూద్దాం, చూడకుండా తీర్పు చెప్పకూడదు.

ముందు చక్రాలకి దిమ్మలు పెట్టండి, యాక్సిల్ కింద స్టాండ్లు వేయండి. ఒక్క జాకీని నమ్ముకుని బండి కింద దూరొద్దు. హ్యాండ్‌బ్రేకు దించండి. డ్రమ్ము తుప్పుకి పట్టేస్తే సుత్తితో బాదకండి, అది పోత ఇనుము, పగులుతుంది. చాలా డ్రమ్ముల మీద మరలున్న రెండు బొక్కలుంటాయి. వాటిలో బోల్టులు పెట్టి, ఇటో చుట్టు అటో చుట్టు బిగిస్తే డ్రమ్ము దానంతటదే కదులుతుంది. లోపలి దుమ్ముకి ఎయిర్ కొట్టకండి. పాత లైనింగుల్లో, అంటే షూల మీద అరిగే పొరల్లో, ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి తుడవండి.

(క్లోజప్: పొడిగా ఉన్న షూలు.)

ఈ బండికి పొడిగానే ఉంది. మీ బండిలో తడి కనిపిస్తే వేలికి రాసుకుని వాసన చూడండి. చిక్కగా, గంధకం కంపు కొడితే అది హౌసింగ్ (యాక్సిల్ చుట్టూ ఉండే తొడుగు) నుంచి వచ్చిన గేర్ ఆయిల్. పల్చగా ఉండి, షూలని తోసే వీల్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తితే కారిందంటే బ్రేక్ ఆయిల్. ఏది తగిలినా ఆ లైనింగు పనికిరాదు. పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు, నేను వేయను. షూలు రెండు వైపులా కలిపే మార్చాలి, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది.

గేర్ ఆయిలైతే, దాన్ని బయటికి రాకుండా ఆపే యాక్సిల్ సీలు మారుస్తాం. నెల తిరక్కుండా అదే సీలు మళ్లీ కారిందా? హౌసింగ్ మీదుండే చిన్న బ్రీదర్, అంటే గాలి పోయే దారి, చూడండి. అది మట్టితో పూడిపోతే వేడెక్కిన గాలికి దారి ఉండదు, ఆ ఒత్తిడి ఆయిల్‌ని సీలు మీదకి తోస్తుంది. దాన్ని శుభ్రం చేయడానికి పైసా ఖర్చు లేదు.

(షాట్: పక్కన ఇంకో పికప్. డ్రమ్ము లోపల ఎర్రటి తుప్పు.)

ఇది శ్రీకాకుళం వైపు చేపల బండి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు వెనక యాక్సిల్ మీదే కారతాయి. షూలని డ్రమ్ముకి దగ్గరగా ఉంచే అడ్జస్టరు తుప్పుకి బిగుసుకుపోయి షూలు డ్రమ్ముకి దూరమయ్యాయి, పెడల్ కిందకంటా పోతోంది. దీనికి హ్యాండ్‌బ్రేకు కేబులు లాగి బిగించేస్తుంటారు. అది తప్పు, ముందు షూలు దగ్గరకి తేవాలి. కుడి, ఎడమ అడ్జస్టర్లు కలిపేయకండి, చాలా బండ్లలో మరలు వేరు.

పెడల్ మెత్తగా ఉంటే లైన్లో గాలి ఉంది, తీయించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది మరగాలంటే కనీసం 205 డిగ్రీలు కావాలి, చెమ్మ పట్టాక 140కే మరగొచ్చు. మరిగితే లైన్లో ఆవిరి చేరి పెడల్ మెత్తబడుతుంది. సాలూరు దాటి కోరాపుట్ ఘాట్‌లో తిరిగేవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

(షాట్: బండి కింద. ఛాసిస్‌కి ఒక వాల్వు, దాని నుంచి యాక్సిల్‌కి ఒక రాడ్డు.)

ఇప్పుడు మన కూరగాయల బండి. దీన్ని లోడ్ సెన్సింగ్ వాల్వు అంటారు. లోడు పడితే ఛాసిస్ కిందకి దిగుతుంది, రాడ్డు కదిలి వాల్వు వెనక చక్రాలకి ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది.

కమాన్లు, అంటే బరువుకి వంగే స్ప్రింగు పట్టీలు, చూడండి. అదనంగా రెండు పట్టీలు వేయించారు. ఎంత లోడు ఎత్తినా బండి దిగదు. దిగకపోతే వాల్వు దృష్టిలో బండి ఖాళీయే. కొత్త షూలు ఎన్ని వేసినా వాటికి ఒత్తిడి అందితే కదా!

కొందరు ఈ రాడ్డుని తీగతో పైకి కట్టేస్తారు. అప్పుడు ఖాళీ బండికి కూడా వెనక ఒత్తిడి పూర్తిగా వెళ్తుంది. వానలో గట్టిగా తొక్కితే వెనక చక్రాలు లాకై బండి అడ్డం తిరుగుతుంది.

"పట్టీలు తీసేస్తే లోడు తగ్గించుకోవాలి కదా మేస్త్రీ?"

తగ్గించుకోవాలి. రెండు పట్టీలూ తీశాం. రాడ్డు కంపెనీ చెప్పిన కొలతకి పెట్టి, రేపు లోడుతో తోలి చూస్తాం.